కొసరు

మార్చి ఇరవై అయిదు. తార్తు ఊళ్లో నది మీద మంచు
పాత పింగాణీలా బీటలు వారుతోంది.
మధ్యాహ్నమంతా కమిటీలో కూర్చున్నాం,
ఏడుగురం, ఒక టీ కెటిలు, ఒక్కటే ప్రశ్న:
డిగ్రీ పుచ్చుకునే మనిషికి
పరాయి దేశాల చరిత్ర ఎంత తెలిసుండాలి?

నేను లెక్కల మాస్టర్ని. పేజీలు కూడడానికి పిలిచారు.
కిరాణా కొట్టు తూకంలా సాగింది బేరం.
గ్రీసుకి ముప్ఫై, ఫ్రాన్సుకి ఇరవై రెండు,
చైనాకి పదకొండు,
"మరీ తక్కువేమో" అని ఒకాయన దగ్గితే పన్నెండు.
చివర్న రెండు పేజీలు మిగిలాయి,
కొసరుగా ఆఫ్రికా.
ప్రొఫెసర్ రైవో కల్లస్తె కళ్లజోడు తుడుచుకుంటూ
"తెలియకపోతే సిగ్గుపడాల్సినవి తెలిస్తే చాలు" అన్నాడు.
ఎవరి ముందు సిగ్గు, అని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు. కూడిక సరిపోయింది, నాకదే పదివేలు.

మా వీధి పేరు బఠాణీ వీధి,
అవతలిది బంగాళాదుంపల వీధి.
ఈ చెక్క ఇళ్ల పేటలో
చరిత్ర కన్నా కూరగాయలకే మర్యాద ఎక్కువని
లిస్బన్ స్నేహితులకు రాసి నవ్విస్తుంటాను.
ఆ సాయంత్రం కింది వాటా కిటికీలో కొవ్వొత్తి.
ఎదురింట్లో ఒకటి.
మలుపు దాకా, కిటికీకొకటి.
"ఎవరిదండీ పుట్టినరోజు, ఊరంతటిదీనా?" అన్నాను
ఇంటావిడ హెల్వెతో,
బూట్ల మీది మంచు దులుపుకుంటూ,
నా వచ్చీరాని ఎస్తోనియన్‌లో.

ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు.
"నలభై తొమ్మిదిలో ఇదే రోజు, తెల్లారకముందు తలుపు కొట్టారు.
నాకు అయిదేళ్లు. పశువుల బోగీ ఎక్కించారు.
మా అమ్మ వెండి చెంచాలు వదిలేసి కుట్టుమిషను మోసుకొచ్చింది.
వచ్చిన సిపాయిల్లో ఒకడు, మీసాలైనా రాని పిల్లాడు,
అది తీసుకో అని చెవిలో చెప్పాడట.
సైబీరియాలో ఎనిమిదేళ్లు
ఆ సూదే మాకు అన్నం పెట్టింది."

నాలుగేళ్లుగా ఈవిడ మెట్లే ఎక్కి దిగుతున్నాను.
చదవేస్తే ఉన్న మతి పోవడమంటే
ఇదే కాబోలు.

"మరి మీ దేశంలో?" అంది, సూప్ గిన్నె ముందుకు జరుపుతూ.
ఏప్రిల్ ఇరవై అయిదు గురించి చెప్పాను,
తుపాకీ గొట్టాల్లో ఎర్రపూలు గుచ్చిన రోజు.
మావాళ్లందరికీ చెప్పుకోవడానికి ఇష్టమైన కథ.
"అంతకు ముందు?"

అంతకు ముందు మా నాన్న గినియాలో సిపాయి. రెండేళ్లు.
తిరిగొస్తూ ఒక మలేరియా తెచ్చుకున్నాడు, ఒక ఫోటో.
ఫోటోలో నాన్న, పక్కనే
కోడిపెట్టను చంకలో ఇరికించుకున్న కుర్రాడు.
వెనక నాన్న చేతిరాత: ఇక్కడ ఎండలు.

"ఆ అబ్బాయి పేరు?"
తెలీదు.
"ఏ ఊరు?"
తెలీదు.
"తర్వాత ఆ ఊరికేమైంది?"

నాన్న పోయి తొమ్మిదేళ్లు.
ఆదివారం ఆదివారం ఎదురెదురుగా కూర్చుని
వేయించిన సార్డీన్లు తింటూ ఫుట్‌బాల్ మాట్లాడుకున్నాం.
ముళ్లు జాగ్రత్తగా పక్కన పెట్టేవాడు, వరసగా.

"గినియా ఎక్కడుందో నాకూ తెలీదులే," అంది హెల్వె,
"మాకు బళ్లో చెప్పిందంతా మాస్కోయే."
లేచి, రొట్టె కోసే కత్తితో
కొత్త కొవ్వొత్తి ఒకటి అడ్డంగా కోసి
సగం నా చేతిలో పెట్టింది.
"ఇది నీ కిటికీకి. ఇవాళ కాదు. ఇవాళ మాది."
మరెప్పుడు? అన్నాను.
"కనుక్కో."

సొరుగులో ఉంది అది,
స్కేలుకీ కమిటీ కూడికల కాగితానికీ మధ్య.
ఇంకా వెలిగించలేదు.
తారీఖు తెలీదు.